ఆదివారం చూసిన ఇల్లు... సోమవారం ఎలా ఉంటుంది?

నగరానికి నాలుగు వైపులా కొత్త కాలనీలే. ఏ ప్రకటన చూసినా 'అన్నిటికీ పదిహేను నిమిషాలే'! మరి ఎటు వెళ్లాలి? నిజాంపేటా, కొంపల్లా, నాగోలా? సొంతింటి కోసం హైదరాబాద్‌ శివార్లలో ఆరు నెలలు తిరిగిన ఓ కుటుంబం కథ ఇది. ఆ కుటుంబం మాదే.

"మేడమ్‌, ఇక్కణ్నుంచి హైటెక్‌ సిటీకి పదిహేను నిమిషాలే!"

2025 ఫిబ్రవరిలో ఒక ఆదివారం. నిజాంపేటలో అయిదో అంతస్తు బాల్కనీ. మెడలో ట్యాగు వేసుకున్న కుర్రాడు చేయి చాపి దూరంగా కనిపిస్తున్న అద్దాల మేడల్ని చూపిస్తున్నాడు. నిజమే అనిపించింది. చిక్కడపల్లిలోని మా అద్దింటి నుంచి అక్కడిదాకా సాఫీగా వచ్చేశాం మరి. మావారికి ఫ్లాటు నచ్చేసింది. మా అబ్బాయి అప్పుడే తన గది ఏదో తేల్చేసుకున్నాడు. మామయ్య మాత్రం రెయిలింగు పట్టుకుని కిందకి తొంగి చూస్తున్నారు.

"ఏం చూస్తున్నారు మామయ్యా?"

"వానొస్తే నీళ్లు ఎటు పోతయో చూస్తున్ననమ్మా."

మామయ్యది మిర్యాలగూడ దగ్గర పల్లె. సాగర్‌ ఎడమ కాలువ కింద నలభై ఏళ్లు వరి పండించిన మనిషి. బ్యాంకు ఇచ్చేది పోగా మేం చేతినుంచి పెట్టుకోవాల్సిన సొమ్ము... ఆయన ఎకరం పొలం అమ్మగా వచ్చిందే. మిగతాది ఇరవై ఏళ్ల అప్పు. అంటే, పొరపాటు పడితే దిద్దుకోవడానికి మా దగ్గర ఇంకో ఎకరం లేదు. అందుకే 'మీకెందుకు మామయ్యా ఎండలో తిరగడం' అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. చూసిన ప్రతి ఇంటికీ ఆయన వచ్చారు.

పటంలో దూరం... గడియారంలో దగ్గర!

'ఇల్లు ఆదివారం చూడు, ఏరియాను మాత్రం సోమవారం చూడు'. మా ఆఫీసులో ఇల్లు కొని దెబ్బతిన్న ఓ సీనియర్‌ సలహా ఇది. మావారు దాన్ని అక్షరాలా పాటించారు. సోమవారం తెల్లారే నిజాంపేట వెళ్లి, అక్కడే బండి మీద ఇడ్లీ తిని, ఎనిమిదిన్నరకు సరిగ్గా ఆ గేటు ముందు నుంచి రాయదుర్గంలోని తన ఆఫీసుకు బైకు తీశారు. మెయిన్‌ రోడ్డెక్కడానికే పాతిక నిమిషాలు. జేఎన్‌టీయూ దగ్గర ఇంకో పావుగంట. ఆఫీసులో అడుగు పెట్టేసరికి తొమ్మిదీ నలభై. ప్రయాణించింది పదమూడు కిలోమీటర్లు, పట్టింది గంటా పది నిమిషాలు!

మెట్రో ఉందిగా అంటారేమో. కాలనీ నుంచి స్టేషన్‌కే మూడు కిలోమీటర్ల పైమాట. అక్కడ ఎర్ర లైను ఎక్కి అమీర్‌పేటలో దిగి, మళ్లీ నీలం లైను పట్టుకుని రాయదుర్గం వెనక్కి రావాలి. తలచుట్టూ తిప్పి ముక్కు పట్టుకున్నట్టు.

తర్వాతి వారం నాగోలు వంతు. నగరానికి ఇది పూర్తిగా అవతలి కొస. అయితే 2017 నవంబరులో మెట్రో మొదట పరుగులు తీసింది మియాపూర్‌, నాగోలు మధ్యే. 2019లో నీలం లైను రాయదుర్గం దాకా పూర్తయింది. నాగోలు మొదటి స్టేషన్‌ కాబట్టి పొద్దున పూట కూడా కూర్చోవడానికి చోటు దొరికింది. దాదాపు 28 కిలోమీటర్లు. మావారు పేపరు మొత్తం చదివి, ఓ కునుకు తీసి, 55 నిమిషాల్లో దిగారు. దూరం రెట్టింపు... సమయం పావుగంట తక్కువ.

అంతమాత్రాన నాగోలే నయమని మేం గంతులేయలేదు. మావారు పదేళ్లలో మూడు ఉద్యోగాలు మారారు. రేపు ఆఫీసు కోకాపేటకో, ఆర్థిక జిల్లాకో మారితే? అక్కడికి ఈ లైను వెళ్లదు. నా ఆఫీసు మాత్రం ఖైరతాబాద్‌లో. అది కదిలేది కాదు. ఇక్కడో మాట. ఇల్లు వెతికేటప్పుడు చాలా కుటుంబాల్లో ఒకరి ఆఫీసుకు ఎంత దూరమన్నదే లెక్క. ఆ ఒకరు ఎవరో చెప్పక్కర్లేదు! మేం కాగితం మీద రెండు ఆఫీసులూ, అబ్బాయి బడీ, మామయ్య చూపించుకునే కళ్ల డాక్టరూ... నాలుగూ రాసుకుని నిమిషాలు వేశాం. అప్పటిదాకా మొదటి స్థానంలో ఉన్న నిజాంపేట అక్కడే కిందికి జారింది.

కొంపల్లి మాత్రం మామయ్యకు తెగ నచ్చింది. ఖాళీ జాగాలు, చెట్లు, వెడల్పాటి రోడ్లు. విశ్రాంత ఉద్యోగులు సాయంత్రం కుర్చీలేసుకుని కూర్చునే వీధులు. కానీ మా ఇద్దరిలో ఎవరు ఎటు కదలాలన్నా ముందు సుచిత్ర కూడలి దాటాలి. 2023 ఏప్రిల్‌ నుంచి మేడ్చల్‌ దాకా ఎంఎంటీఎస్‌ నడుస్తున్నా రోజంతా తిరిగే రైళ్లు తక్కువ. ప్యారడైజ్‌ నుంచి మేడ్చల్‌కు మెట్రో 2025 నాటికి ప్రతిపాదన దగ్గరే ఉంది. 'రాబోయే మెట్రో' అని చెప్పి ఇప్పుడే ధర కలుపుకొంటారు. రాబోయే రైలెక్కి ఆఫీసుకు వెళ్లలేం కదా!

వాచ్‌మన్‌కే తెలుసు

ప్రతిచోటా ఒకే ప్రశ్న ఇద్దర్ని అడగడం అలవాటు చేసుకున్నాం. ఆఫీసు గదిలో కుర్రాణ్ని, బయటికొచ్చాక వాచ్‌మన్‌ని.

"నీళ్లెలా బాబూ?"

"ఇరవై నాలుగ్గంటలూ మేడమ్‌. బోరు ఉంది, సంపు ఉంది, మున్సిపల్‌ కనెక్షన్‌ కూడా..."

గేటు దగ్గర పాలమూరు నుంచి వచ్చిన వాచ్‌మన్‌ దంపతులు. భార్య బట్టలు ఇస్త్రీ చేస్తోంది. "ఏప్రిల్‌ల రోజుకు నాలుగు ట్యాంకర్లు ఒస్తయమ్మా. ఒక్కోనాడు అయిదు. ట్యాంకరు రాలేదంటే పైనోళ్లందరూ నా మీదనే అరుస్తరు" అందామె. మూడు అపార్ట్‌మెంట్లలో మూడు రకాల జవాబులు విన్నాక ఒకటి అర్థమైంది. నీళ్ల విషయంలో ఏరియా పేరు చెప్పి లాభం లేదు. ఒకే వీధిలో ఒక బోరు ఎండిపోతే పక్కది పోస్తూనే ఉంటుంది. అందుకే ఏప్రిల్‌, మే నెలల మెయింటెనెన్స్‌ లెక్క ఒక్కటి చూపించమని సొసైటీ కార్యదర్శిని అడిగేవాళ్లం. ట్యాంకర్ల ఖర్చు అందులో దాగదు. ఒకచోట డిసెంబరులో ఫ్లాటుకు 2,500 రూపాయలున్న బిల్లు, మేలో 4,100 అయింది. ఇంటి అప్పు వాయిదాకు అది తోక.

వాసన సంగతి ఏ ప్రకటనలోనూ ఉండదు. జవహర్‌నగర్‌ చెత్త డంపింగ్‌ యార్డు గాలి ఎటు వీస్తే దమ్మాయిగూడ, నాగారం వైపు కాలనీలు అటు కిటికీలు మూసుకుంటాయి. నా స్నేహితురాలు నాగారంలో ఇల్లు కొన్న మొదటి వారమే ఫోన్‌ చేసి ఏడ్చినంత పని చేసింది. ఆమె ఇల్లు చూసింది పగలు, గాలి అటు తిరిగిన రోజు. జీడిమెట్ల, బొల్లారం పరిశ్రమల చుట్టుపక్కలైతే రాత్రి పదకొండు తర్వాత వెళ్లి నిలబడాలి. ఇక నాగోలు, ఉప్పల్‌ పక్కన మూసీ. సాయంత్రం పూట నది వైపు వీధుల్లో దోమలూ, దుర్గంధమూ. అదే నాగోలులో నదికి దూరంగా మిట్ట మీదున్న కాలనీలో ఆ ఊసే లేదు. అర కిలోమీటరు తేడా, అంతే.

తుంగ మొలిచిన చోటు

ఇప్పుడు మామయ్య కథ. నిజాంపేటలోనే చవగ్గా వచ్చే ఇంకో ఫ్లాటుకు వెళ్లాం. 1,250 చదరపు అడుగులన్నారు. (టేపు పెట్టి గదులు కొలిస్తే 900 కూడా రాలేదు. రెరా చట్టం కార్పెట్‌ ఏరియా లెక్కనే అమ్మాలంటుంది. నోటితో చెప్పేది మాత్రం ఇప్పటికీ పెద్ద అంకెనే.) మామయ్య పైకి రాలేదు. సెల్లారులో తిరుగుతున్నారు. వెళ్లి చూస్తే గోడ మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు. నడుమెత్తు దాకా కొత్త రంగు, ఆ పైన పాత రంగు.

"గీడిదాక నీళ్లొచ్చినయ్‌ బిడ్డా" అన్నారు. పక్కనున్న ఖాళీ ప్లాటులోకి నడిచి ఒక గడ్డి దుబ్బు పీకి చూపించారు. "ఇది తుంగ. మాగాణిల మొలుస్తది. మెట్టల మొలవది. ఇది ఒకప్పుడు తరి పొలం. పైన చెరువుంటది చూడు. మత్తడి దుంకితే నీళ్లు ఇటే రావాలె."

కిరాణా కొట్టాయన్ని అడిగితే ఔనన్నాడు. చెరువు వీధి చివరే ఉంది, ఇప్పుడు సగం.

నిజాంపేట భండారీ లేఅవుట్‌ పేరు చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2016 సెప్టెంబరు వానలకు తుర్క చెరువు పొంగి ఆ కాలనీ రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన ఎవర్నీ వదల్లేదు. కొంపల్లిలో ఉమామహేశ్వర కాలనీ మునిగింది. నాగోలు అయ్యప్ప కాలనీకి ఏ పెద్ద వానొచ్చినా గండమే. అంటే మేం జాబితాలో రాసుకున్న మూడు ఏరియాల్లోనూ మునిగే వీధులున్నాయి, మునగనివీ ఉన్నాయి. అప్పట్నుంచి 'ఏ ఏరియా' అని మాట్లాడుకోవడం మానేసి 'ఏ వీధి' అని మాట్లాడుకోవడం మొదలుపెట్టాం.

చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు ఎక్కడిదాకా వస్తుందో ఆ హద్దే ఎఫ్‌టీఎల్‌. పదెకరాలో, ఇరవై ఎకరాలో ఉన్న చిన్న చెరువైతే ఆ హద్దు నుంచి తొమ్మిది మీటర్లు, పది హెక్టార్లు, అంటే సుమారు పాతిక ఎకరాలు, ఆపైన ఉంటే 30 మీటర్లు ఖాళీ వదలాలి. అది బఫర్‌ జోన్‌. హెచ్‌ఎండీఏ వెబ్‌సైటులో చెరువుల పటాలు చూడొచ్చు. 2024 జులైలో హైడ్రా వచ్చేదాకా ఈ మాటలు ఇళ్లు కొనేవాళ్ల నోట వినిపించేవి కావు. ఆ తర్వాత కూల్చివేతల దగ్గర కొందరు రిజిస్ట్రేషన్‌ కాగితాలు పట్టుకుని 'బ్యాంకు లోను కూడా ఇచ్చింది కదా' అని ఏడవడం టీవీల్లో చూశాం. బ్యాంకు చూసేది తన అప్పుకు కాగితాల భద్రత. చెరువు ఎటు పొంగుతుందో దానికి పట్టదు.

ఇక ఖర్చుల సంగతి త్వరగా ముగిస్తా. తెలంగాణలో 2021 జులై నుంచి రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం. 75 లక్షల ఇంటికి అయిదున్నర లక్షల పైనే అన్నమాట. కడుతూ ఉన్న ఇల్లయితే, అందుబాటు ధరల కోవలోకి రాకపోతే, ఇంకో అయిదు శాతం జీఎస్టీ. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌ వచ్చాక కొంటే ఆ జీఎస్టీ లేదు. మేం పాత ఫ్లాట్ల వైపు చూపు తిప్పడానికి అదో కారణం. కట్టి కొన్నేళ్లయిన ఇల్లు, ఎన్నో వానలు చూసిన ఇల్లు కావడం అసలు కారణం.

'ఆషాఢంలో బయానా ఇయ్యం'

జూన్‌లో దొరికింది. నాగోలు స్టేషన్‌కు నడిచి వెళ్లే దూరం. పన్నెండేళ్ల కిందటి అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు. లిఫ్టు కాస్త మూలుగుతుంది. వంటగది చిన్నది. ఎదుటి ఇంటి గోడకూ మా బాల్కనీకీ మధ్య పెద్ద దూరం లేదు. కానీ బడి దగ్గర, నా ఆఫీసుకు అమీర్‌పేటలో ఒక్క మార్పు. ఈసీ తీయించాం, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించాం. ఇంకో ఇద్దరు అడుగుతున్నారని యజమాని తొందరపెట్టారు. మావారు బయానా ఇవ్వడానికి చెక్కు బుక్కు తీశారు కూడా.

"ఆషాఢం వస్తుందండీ. ఆషాఢంల బయానా ఇయ్యం. శ్రావణం రాంగనే ఇస్తం" అన్నారు మామయ్య. యజమానికీ పట్టింపులున్నట్టున్నాయి. సరే అని తలూపారు. నాకు ఆశ్చర్యం. మామయ్య పొలానికి బేరం కుదుర్చుకున్నది కూడా ఒక ఆషాఢంలోనే! మెట్లు దిగుతుంటే అడిగా.

"ముహూర్తం కాదమ్మా, వాన" అన్నారు నవ్వి.

నెల రోజులు నాకు నిద్ర లేదు. ఆ ఇద్దర్లో ఎవరైనా ముందే డబ్బు పెడితే? మావారైతే రోజుకోసారి వాతావరణ వార్తలు చూసి విసుక్కునేవారు. జులైలో ఒక శుక్రవారం సాయంత్రం కుంభవృష్టి. రోడ్ల మీద బండ్లు నిలిచిపోయాయని టీవీలో చెబుతుంటే, మామయ్య పంచె మోకాళ్లపైకి కట్టి గొడుగు తీసుకుని సిద్ధంగా ఉన్నారు. ఆర్‌టీసీ క్రాస్‌ రోడ్స్‌ దాకా తడుస్తూ నడిచి మెట్రో ఎక్కాం. ఎంజీబీఎస్‌ వైపు కాదు, ఇటు పరేడ్‌ గ్రౌండ్స్‌ వెళ్లి నాగోలు రైలు. రాత్రి తొమ్మిదిన్నరకు ఆ వీధి మొదట్లో నిలబడ్డాం.

మొదట్లో పాదాలు మునిగేంత నీళ్లు. నా గుండె జారిపోయింది. మామయ్య కదల్లేదు. ఒక ఎండుటాకు తీసి నీళ్లలో వేశారు. అది మెల్లగా కదిలి, అపార్ట్‌మెంటు గేటు దాటి, వీధి చివర కాలువ వైపు వెళ్లిపోయింది. వాచ్‌మన్‌ టార్చిలైటు వేసి, ఇంత వానలో వచ్చిందెవరా అని చూస్తున్నాడు. సెల్లారు తెరిపించాం. ర్యాంపు కింద ఒక మూల తడి. అంతే. అరగంట తర్వాత వాన తగ్గింది. వీధి తేలింది.

శ్రావణం వచ్చిన మూడో రోజున బయానా ఇచ్చాం. ఈ వ్యాసం రాసే సమయానికి ఆ ఇంట్లోనే ఉంటున్నాం. లిఫ్టు ఇంకా మూలుగుతోంది. గాలి మూసీ వైపు నుంచి వీచిన రోజుల్లో మావారు కిటికీలు మూస్తూ నిజాంపేట బాల్కనీని తలచుకుంటారు. మామయ్య మాత్రం వర్షం పడ్డ ప్రతి సాయంత్రం గేటు దగ్గరికి దిగుతారు. చేతిలో ఒక ఆకు ఉంటుంది.