ముందు పులుపా, ముందు పొయ్యా?

అరకు దారిలోని టైడా నుంచి ఒక పాఠకురాలు పంపిన ప్రశ్న ఈ నెల నన్ను ఇంకో పని ముట్టుకోనివ్వలేదు. వాళ్ల అమ్మమ్మ చోడిపిండిని ముందురోజు రాత్రే నీళ్లలో కలిపి పెట్టి, తెల్లారి పులిశాక అంబలి కాచేదట. ఇప్పుడు ఇంట్లో అందరూ పొద్దున్నే పనుల మీద వెళ్లేవాళ్లే. అప్పటికప్పుడు పిండి కలిపి, కాచి, బెల్లం వేసుకుని తాగేస్తున్నారు. ‘‘పిండీ అదే, నీళ్లూ అవే. పులియబెట్టకపోతే ఏమైనా పోతుందా, లేక పులుపు రుచి కోసమేనా?’’ అని ఆవిడ అడుగుతున్నారు.

పోతుంది. అది చెప్పే ముందు లెక్క ఒకటి సరిచేయాలి. చోళ్లు అంటే రాగులే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం, 4.6 మిల్లీగ్రాముల ఇనుము ఉన్నాయి. మరపట్టిన బియ్యంలో కాల్షియం 8 మిల్లీగ్రాములకు కూడా చేరదు. అందుకే ‘రాగుల్లో పాలకన్నా మూడు రెట్లు కాల్షియం’ అన్న మాట ఊరూరా తిరుగుతోంది. పొడిపిండిని పాలతో పోల్చి చెప్పే మాట అది. పాలల్లో ఎక్కువ భాగం నీళ్లే కదా! గ్లాసు పల్చటి అంబలిలో పడే పిండి 25 గ్రాములనుకుంటే దాని కాల్షియం 90 మిల్లీగ్రాములు. అదే గ్లాసుడు ఆవుపాలల్లో 230 దాటుతుంది. రాగి గొప్ప గింజే. దాన్ని గొప్పచేయడానికి తప్పుడు లెక్క అక్కర్లేదు.

ఇక అసలు సంగతి. గింజలో ఎంత ఉందన్నది ఒక ఎత్తు, అందులో మన ఒంటికి ఎంత పడుతుందన్నది మరో ఎత్తు. ఈ రెంటికీ మధ్య అడ్డం నిలబడేది ఫైటిక్ ఆమ్లం. మొలక రేపు పెరగడానికి కావలసిన భాస్వరాన్ని గింజ ఈ రూపంలోనే దాచుకుంటుంది. ఆరు కార్బన్ల వలయం, ఒక్కో కార్బన్‌కు ఒక్కో ఫాస్ఫేటు. ఆ ఫాస్ఫేట్లను ఆరు చేతులనుకోండి. ఒక్కో చేతికీ రుణావేశం ఉంటుంది కాబట్టి ధనావేశమున్న ఇనుము, జింకు, కాల్షియం దొరికితే పట్టుకుని వదలవు. మన పేగుల్లో ఆ పట్టు మరీ గట్టిపడి కరగని ముద్దవుతుంది. దాన్ని కోసే ఎంజైము పేరు ఫైటేజ్. మనిషి చిన్నపేగులో అది దాదాపు లేదనే చెప్పాలి. పట్టుబడ్డ ఇనుము వచ్చిన దారినే బయటికి పోతుంది.

కానీ ఆ కత్తి గింజలోనే ఉంది! మొలక ఆకలి తీరాలంటే ఎప్పుడో ఒకప్పుడు ఆ భాస్వరం విడుదల కావాలి కదా. అందుకే ఫైటిక్ ఆమ్లంతోపాటు ఫైటేజ్‌ను కూడా గింజ తనలోనే పెట్టుకుంటుంది. గింజ పొడిగా ఉన్నంతకాలం అది నిద్రపోతుంది. తడి తగిలితే లేచి ఫాస్ఫేట్లను ఒక్కొక్కటిగా తెంపుతుంది. ఆరు చేతుల్లో మూడు ఊడేసరికి ఇనుము మీద పట్టు బాగా సడలిపోతుంది.

ఈ ఎంజైముకు కాస్త పులుపంటే ఇష్టం. పీహెచ్ 5 దగ్గర చురుగ్గా పనిచేస్తుంది. రాత్రి కలిపిన పిండిని పొద్దున్నే చూడండి. పిండి అడుక్కి దిగి, పైన పల్చటి నీరు తేరి ఉంటుంది. అంచుల వెంట చిన్న చిన్న బుడగలు, మూత తీయగానే పుల్లటి వాసన. రాత్రంతా లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పిండిలోని చక్కెరలను తిని ఆమ్లం వదిలింది. ఆ పులుపు ఫైటేజ్‌కు సరిపోయే వాతావరణాన్ని తయారుచేసింది. లాక్టిక్ ఆమ్లం ఇనుమును కరిగిన స్థితిలో ఉంచడానికి కూడా సాయపడుతుంది. ఇన్ని పనులు ఒక కుండలో, మనం నిద్రపోతుండగా జరిగిపోతున్నాయంటే నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యం తీరదు.

ఇప్పుడు పాఠకురాలి ఇంటి పొయ్యి దగ్గరికి వద్దాం. ఎంజైము అంటే ప్రోటీను. ఉడుకు తగిలితే చచ్చిపోతుంది. పిండి కలిపిన వెంటనే కాచేశారంటే కత్తి ఒరలోంచి బయటికి రాకముందే విరిగిపోయినట్టే. ఫైటిక్ ఆమ్లానికి ఆ కాక ఒక లెక్క కాదు, చాలావరకు అలాగే మిగులుతుంది. కాచాక పులియబెడితే? పోడు పనికి వెళ్లేవాళ్లు కాచిన అంబలిని ఆనప బుర్రలో పోసుకుని కొండెక్కుతారు. మధ్యాహ్నానికి అది కూడా పులుస్తుంది. కడుపుకు హాయే, రుచి కూడా బాగుంటుంది. కానీ గింజ సొంత ఫైటేజ్ అప్పటికే పోయింది కాబట్టి ఆ పులుపు చేయగలిగింది కొంచెమే. పులియబెట్టి కాచడం, కాచి పులియబెట్టడం ఒకటి కావు. అమ్మమ్మ వరస సరైనది.

ఫైటిక్ ఆమ్లం పెట్టే ఈ అడ్డును తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు పడ్డ తిప్పలు తక్కువ కావు. బ్రిటన్‌లో ఎడ్వర్డ్ మెలన్‌బీ మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో కుక్కపిల్లలకు ఓట్స్ పెట్టి రికెట్స్ రప్పించాడు. ధాన్యాలన్నిట్లో ఓట్సే ఎక్కువ చెడ్డదని గమనించి, అందులో ఏదో విషముందనుకుని దానికి ‘టాక్సమిన్’ అని పేరు కూడా పెట్టాడు. చివరికి తేలింది ఫైటిక్ ఆమ్లమే. ఓట్స్‌లో ఫైటేజ్ సహజంగానే తక్కువ. పైగా నిల్వ కోసం మిల్లులోనే వేడిచేసి ఆ ఉన్నదాన్ని కూడా చంపేస్తారు. అరకు దారిలో దుకాణాల్లో చోళ్లను పక్కకు నెట్టి ఓట్స్ ప్యాకెట్లను ఆరోగ్యం పేరుతో ముందు వరసలో పేరుస్తుంటే నాకు కష్టంగా ఉంటుంది.

రెండో కథ ఇరాన్‌ది. బీహార్‌లోని బక్సర్‌లో పుట్టిన డాక్టర్ ఆనంద ప్రసాద్ 1958లో షిరాజ్‌లో ఉండగా 21 ఏళ్ల యువకుడు వచ్చాడు. చూస్తే పదేళ్ల పిల్లాడిలా ఉన్నాడు. తిండి దాదాపుగా పులియబెట్టని గోధుమరొట్టె, దానికితోడు మట్టి తినే అలవాటు. రక్తహీనతకు ఇనుము లోపం సరిపోతుంది, ఎదుగుదల ఆగిపోవడానికి సరిపోదే అన్న చిక్కుముడి పట్టుకుని ప్రసాద్ జింకు లోపం దాకా వెళ్లాడు. మనిషికి జింకు తక్కువకావడమేమిటి, అది అన్నిటిలోనూ ఉంటుంది కదా అని పెద్దలు కొట్టిపారేశారు. ఉండటం నిజమే, అందకపోవడం కూడా నిజమే. అమెరికా జింకుకు రోజువారీ మోతాదు సిఫారసు చేసింది 1974లో. ఇరాన్ పల్లెల పొంగని రొట్టెలో పులిసిన రొట్టెకన్నా ఫైటేట్ (ఖనిజాలతో జతకట్టిన ఫైటిక్ ఆమ్లం) ఎక్కువని జాన్ రైన్‌హోల్డ్ ఆ దశకంలోనే కొలిచి చూపాడు.

ఇక్కడ ఇనుము విషయంలో ఒక మెలిక ఉంది. స్వీడన్‌లో లీఫ్ హాల్‌బర్గ్ బృందం 1989లో రొట్టెకు కొలిచి ఫైటేట్ కలిపి చూసింది. 2 మిల్లీగ్రాముల ఫైటేట్ భాస్వరానికే ఇనుము ఒంటపట్టడం 18 శాతం తగ్గింది. 25కి 64 శాతం, 250కి 82 శాతం. అంటే ఫైటేట్‌ను సగానికి తగ్గించినా ఇనుముకు పెద్దగా ఒరిగేది లేదు. దాదాపు పూర్తిగా పోవాలి. ఒక్కరాత్రి పులుపు అంతపని చేయదు. పైగా కొండల్లో చలికాలం పులుపు ఎక్కడానికే ఆలస్యమవుతుంది. నిన్నటి పులిసిన పిండినీళ్లు గరిటెడు తోడు వేసి, కుండను పొయ్యి పక్కన పెట్టడం ఆ ఆలస్యానికి మందు.

అంతకన్నా బలమైన మందు మొలక. మొలకెత్తేటప్పుడు గింజ ఫైటేజ్‌ను కొత్తగా తయారుచేసుకుంటుంది. మన చిరుధాన్యాల్లో మొలకెత్తించడానికి రాగిని మించింది లేదని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ)లో మల్లేశి, దేశికాచార్ చేసిన పనిలో కనిపిస్తుంది. మొలకల పిండిలో పిండిపదార్థాన్ని విరిచే ఎంజైములు కూడా ఉంటాయి కాబట్టి జావ గట్టిపడదు. చంటిపిల్లకు అదే గిన్నెలో ఎక్కువ పిండి పట్టించవచ్చు. 2023 మార్చిలో మన రాష్ట్రం బడిపిల్లల భోజనంలో రాగిజావ చేర్చినప్పుడు నేను నిజంగా సంతోషించాను. ఆ పిండిని మొలకెత్తించి ఇచ్చి ఉంటే బాగుండేదన్నది మాత్రం నా ఫిర్యాదు.

రక్తహీనతను అంబలి ఒక్కటే తీర్చేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఏజెన్సీలో దానికి మలేరియా, కొంకిపురుగులు, సికిల్ సెల్ కూడా తోడవుతాయి. రక్తపరీక్ష లేకుండా అంబలితో సరిపెట్టుకుంటే నష్టమే.

ఆవిడకు నా జవాబు ఇది. ఆదివారం చోళ్లు నానబెట్టి, తడిగుడ్డలో కట్టి, తెల్లటి మొలక కనిపించాక ఎండబెట్టి ఆడించుకోండి. రోజూ రాత్రి మామూలు పిండిలో ఆ పిండి రెండు చెంచాలు వేసి కలిపి పెట్టండి, పొద్దున్నే కాచండి. పక్కన పచ్చి ఉసిరికాయ నంజుకోండి. అందులోని సి విటమిన్ ఫైటేట్ అడ్డును చాలావరకు దాటిస్తుంది. ఉసిరిని మాత్రం ఉడికించవద్దు. ఇక మీ కొండల కాఫీ సంగతి. భోజనంతో కాఫీ తాగితే ఇనుము ఒంటపట్టడం 39 శాతం తగ్గిందని, గంట తర్వాత తాగినా అంతే తగ్గిందని, గంట ముందు తాగితే మాత్రం ఏమీ తగ్గలేదని 1983లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం చెప్పింది. కాబట్టి నిద్ర లేవగానే కాఫీ తాగేసి, గంట ఆగి అంబలి తాగండి.