చిన్న పెట్టె.. పెద్ద పాట
వాడి వదిలేసిన యంత్రాలతో కొత్త సంగీతం
జమైకాలో, బొంబాయిలో జరిగింది మనకూ పాఠమే

పెళ్లి ఊరేగింపు కానివ్వండి, వినాయక చవితి పందిరి కానివ్వండి, భజన మందిరం, చర్చి కానివ్వండి.. మన పల్లెల్లో పాట ఉన్నచోట మీటల పెట్టె ఒకటి ఉంటోంది. ఏ కంపెనీ చేసినా సరే, మనవాళ్ల నోట అది 'క్యాసియో'నే. ఒక బొత్తాం నొక్కితే వేణువు, ఇంకోటి నొక్కితే వయొలిన్‌. తాళం వేయడానికి వేరే మనిషి అక్కర్లేదు, అదీ పెట్టెలోనే ఉంటుంది. దీని మూలంగా తమకు పిలుపులు తగ్గాయని డోలు, సన్నాయి కళాకారులు వాపోతుంటే, పదిమంది వాద్యగాళ్లను పెట్టుకునే స్తోమత లేని తమకు ఈ పెట్టే దిక్కని పాడే కుర్రాళ్లు చెబుతున్నారు.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. సరిగ్గా ఇదే తగువు 40 ఏళ్ల కిందట సముద్రాల అవతల జమైకా అనే చిన్న దీవిలో వచ్చింది. అక్కడ కూడా దానికి కారణం క్యాసియో పెట్టే కావడం విశేషం. ఆ కథ తెలుసుకుంటే మన సంగతి ఆలోచించుకోవడానికి పనికొస్తుంది.

తాళం కట్టింది జపాన్‌ యువతి

క్యాసియో జపాన్‌ కంపెనీ. లెక్కలు కట్టే కాలిక్యులేటర్లు, చేతి గడియారాలు చేసి పేరు తెచ్చుకుంది. 1980లో సంగీత వాద్యాల తయారీలోకి దిగింది. ఆ ఏడాదే హిరోకో ఒకుడా అనే యువతి ఉద్యోగంలో చేరింది. సంగీత కళాశాలలో చదువుకున్న ఆమెకు జమైకావారి 'రెగే' సంగీతమంటే ప్రాణం. చదువు చివర రాసిన పెద్ద వ్యాసం కూడా దాని మీదే.

1981లో కంపెనీ 'ఎంటీ-40' అనే చిన్న పెట్టెను మార్కెట్లోకి తెచ్చింది. 37 చిన్న మీటలు, మంద్ర స్వరాల కోసం పక్కన మరికొన్ని. కరెంటు లేకపోయినా బ్యాటరీలతో పలుకుతుంది. ఇంట్లో సరదాగా వాయించుకునేవారి కోసం చేసిందే తప్ప పెద్ద విద్వాంసుల కోసం కాదు. అందులో తాళాలు కట్టే పని ఒకుడాకు అప్పగించారు. వాటిలో 'రాక్‌' అని పేరు పెట్టిన తాళం ఒకటి. పేరు రాక్‌ అయినా అందులో రెగే నడక దాగి ఉంది. ఆ సంగతి అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు.

జమైకాలో పెద్ద పోటీ

జమైకాలో వీధి మధ్య గుట్టలుగా స్పీకర్లు పేర్చి పాటలు వేసే బృందాలు ఉన్నాయి. వాటిని 'సౌండ్‌ సిస్టం' అంటారు. మన జాతరల్లో ఇద్దరు డీజేలు ఎదురెదురుగా పెట్టుకుని పంతానికి పోయినట్టే వాళ్లకూ పోటీలుంటాయి. ఎవరి పాటకు జనం ఎక్కువ ఊగితే వాళ్లదే గెలుపు. అందుకని పోటీకి కొత్త పాట కావాలి. పాట కావాలంటే స్టూడియోకు వెళ్లాలి. డ్రమ్ము, బేస్‌ గిటారు, పియానో వాయించేవాళ్లకు డబ్బివ్వాలి. పేద పేటల కుర్రాళ్లకు అంత సొమ్ము ఎక్కడిది?

రాజధాని కింగ్‌స్టన్‌లో వేన్‌ స్మిత్‌ అనే గాయకుడు, నోయల్‌ డేవీ అనే అతని స్నేహితుడు ఇలాంటివాళ్లే. స్మిత్‌కు అప్పటికి 20 ఏళ్లు కూడా నిండలేదు. వాళ్ల చేతికి ఎంటీ-40 పెట్టె చిక్కింది. బొత్తాలు నొక్కుతూ పోతుంటే ఒకుడా కట్టిన తాళం బయటపడింది. దాన్ని పట్టుకుని వాటర్‌హౌస్‌ అనే పేటలో ఉండే కింగ్‌ జామీ దగ్గరకు వెళ్లారు. జామీ పాటల నిర్మాత. ఆంప్లిఫయర్లు బిగించి, చెడిపోయిన సామాను బాగుచేసి బతికి పైకొచ్చిన మనిషి. ఆయన ఆ తాళం విని, వేగం తగ్గించారు. పైన కాస్త పియానో కలిపారు. స్మిత్‌ పాడాడు. అదే 'అండర్‌ మి స్లెంగ్‌ టెంగ్‌'.

1985 ఫిబ్రవరి 23న జరిగిన పోటీలో ఆ పాట వేయగానే జనం ఊగిపోయారు. ఆ తరువాత అదే తాళం మీద వందల పాటలు వచ్చాయి. డ్రమ్ము వాయించే మనిషి, బేస్‌ వాయించే మనిషి లేకుండానే రెగే పాట తయారవుతుందని దేశమంతటికీ తెలిసిపోయింది.

కొందరికి కూడు.. కొందరికి కోత

ఇక్కడే అసలు సమస్య మొదలైంది. అప్పటిదాకా స్టూడియోల చుట్టూ తిరిగి పొట్టపోసుకున్న వాద్యగాళ్లకు పని తగ్గిపోయింది. ఏళ్ల తరబడి సాధన చేసి సంపాదించిన విద్యను ఒక బొత్తాం దెబ్బకొట్టింది. దీన్ని చిన్న విషయంగా తీసిపారేయడానికి లేదు. రెండోవైపు చూస్తే, చేతిలో చిల్లిగవ్వ లేని కుర్రాళ్లకు మొదటిసారి పాట చేసుకునే దారి దొరికింది. ఈ రెండూ ఒకేసారి జరిగాయి. ఒకటి చెప్పి రెండోది దాచడం న్యాయం కాదు.

ఒక్క సంగతి మాత్రం గమనించాలి. ఎంటీ-40 పెట్టెలు ఎన్నో దేశాల్లో అమ్ముడుపోయాయి. అదే బొత్తాం ఎందరో నొక్కి ఉంటారు. పాట పుట్టింది మాత్రం జమైకాలోనే. తాళం కట్టిన ఒకుడాకు రెగే వంటబట్టింది. నడక తగ్గించిన జామీకి ఎక్కడ ఆపాలో, ఎక్కడ కలపాలో చెవికి తెలుసు. విద్య ఉన్న మనుషులు రెండు చివరలా ఉన్నారు కాబట్టే నడుమ ఉన్న పెట్టె పలికింది.

బొంబాయిలో మన మనిషి

ఇలాంటి కథ మన దేశంలోనూ ఉంది. బొంబాయి హిందీ సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన చరణ్‌జిత్‌ సింగ్‌ 1982లో ఒక రికార్డు చేశారు. జపాన్‌కు చెందిన రోలండ్‌ కంపెనీ యంత్రాలు మూడు ముందు పెట్టుకున్నారు. ఒకటి స్వరాలకు, ఒకటి తాళానికి, ఒకటి మంద్ర స్వరాల వరుసకు. పది హిందుస్తానీ రాగాలను నృత్య తాళం మీద నడిపించారు. మన మోహనకు సాటివచ్చే భూపాలి, హిందోళానికి సాటివచ్చే మాల్‌కౌంస్‌, కల్యాణికి సాటివచ్చే యమన్‌ అందులో ఉన్నాయి. ఆ రోజుల్లో రికార్డును కొన్నవాళ్లు తక్కువే. 2010లో మళ్లీ విడుదలయ్యాక విదేశాల్లో వెతికి వెతికి విన్నారు. చరణ్‌జిత్‌ సింగ్‌ 2015లో బొంబాయిలోనే కన్నుమూశారు.

ఆయన మంద్ర స్వరాలకు వాడిన 'టీబీ-303' కథ మరీ విచిత్రం. గిటారు వాయించేవాళ్లు ఒంటరిగా సాధన చేసుకునేటప్పుడు తోడుగా ఉంటుందని కంపెనీ చేసింది. ఎవరికీ నచ్చలేదు. 1984 నాటికి తయారీ ఆపేశారు. పాత సామాన్ల దుకాణాల్లో చవకగా పడి ఉన్నవాటిని అమెరికాలోని షికాగో నల్లజాతి యువకులు కొనుక్కున్నారు. మరలు తిప్పుతూ కొత్త రకం కీచు ధ్వని పుట్టించారు. 1987లో 'ఫ్యూచర్‌' అనే బృందం తెచ్చిన 'యాసిడ్‌ ట్రాక్స్‌' రికార్డుతో ఒక సంగీత శాఖే మొదలైంది. అప్పుడు కొనే దిక్కులేని ఆ పెట్టె ఇప్పుడు లక్షల్లో పలుకుతోంది.

ఆటబొమ్మలో నాలుగు గొంతులు

1982లో అమెరికాలో 'కమోడోర్‌ 64' అనే ఇంటి కంప్యూటర్‌ వచ్చింది. కోటికి పైగా అమ్ముడుపోయింది. అందులో బాబ్‌ యానెస్‌ అనే ఇంజినీరు రూపొందించిన ధ్వని చిప్పుకు ఉన్నవి మూడే గొంతులు. 1989లో నింటెండో కంపెనీ 'గేమ్‌ బాయ్‌' అనే చేతి ఆటబొమ్మను తెచ్చింది. దానికి నాలుగు. వాటిలో ఒకటి ఉత్త రొద.

ఇన్ని తక్కువ గొంతులతో పాట ఎలా? ఇక్కడ ఒక కిటుకు ఉంది. రాత్రిపూట కొరివి పట్టుకుని గిరగిర తిప్పితే నిప్పుచక్రం కనపడుతుంది కదా. అలాగే ఒకే గొంతు చేత స, గ, ప స్వరాలను ఒకదాని వెంట ఒకటి అతివేగంగా పలికిస్తే మూడూ కలిసి మోగినట్టు చెవి భ్రమపడుతుంది. రొదను చిన్న చిన్న ముక్కలుగా కత్తిరిస్తే అది డ్రమ్ము దెబ్బలా వినిపిస్తుంది. 1998లో జర్మనీకి చెందిన ఒలివర్‌ విట్‌షోవ్‌, 2000లో స్వీడన్‌కు చెందిన యోహాన్‌ కొట్లిన్‌స్కీ గేమ్‌ బాయ్‌ మీద పాటలు కట్టుకునే ప్రోగ్రాములు తయారుచేశారు. నాలుగు పెన్సిల్‌ బ్యాటరీలతో నడిచే ఆటబొమ్మ పట్టుకుని వేదికలెక్కి కచేరీలు చేస్తున్నవారు ఇప్పటికీ ఉన్నారు.

అటక మీద పెట్టె ఉందా?

పాత కీబోర్డు ఇంట్లో మూలన పడి ఉంటే పాత సామాన్లవాడికి వేసే ముందు ఒక్కసారి చూడండి. మొదట బ్యాటరీల అర తెరవాలి. పాత బ్యాటరీలు కారి రేకుకు పట్టిన తుప్పును గీకి తుడవాలి. వాడనప్పుడు బ్యాటరీలు తీసి ఉంచాలి. చేతికి దొరికిన అడాప్టర్‌ను గుచ్చరాదు. చాలా పాత క్యాసియోలకు పిన్ను మధ్యభాగం మైనస్‌. ఇతర అడాప్టర్లు ఎక్కువగా దీనికి తిరగబడి ఉంటాయి. పెట్టె మీది గుర్తు, ఓల్టులు సరిచూసుకోకపోతే లోపల కాలిపోతుంది. కొన్ని మీటలు పలకకపోతే పెట్టె పోయినట్టు కాదు. మీటల కింది రబ్బరు పట్టీకి దుమ్ము పట్టి ఉండవచ్చు. రేడియో, టీవీ రిపేరు తెలిసినవారు విప్పి శుభ్రం చేయగలరు.

ఇక తాళాల సంగతి. మన దేశం కోసం చేసిన క్యాసియో కీబోర్డుల్లో తబలా, ఢోలక్‌ తాళాలు పెట్టి అమ్మారు. అవి ఎవరో కట్టినవి. మన ఊరి డప్పు దరువు, కోలాటం నడక, సన్నాయి మేళంలో డోలు వేసే వరస మన ఊరి వాళ్లకే తెలుసు. సొంత తాళం నమోదు చేసుకునే వీలున్న కీబోర్డులు ఉన్నాయి. ఫోన్లలోనూ ఆ వీలు వచ్చింది. క్యాసియో వాయించే కుర్రాళ్లు డోలు కళాకారుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆ దరువులు నేర్చుకుని పెట్టెకు ఎక్కించాలి. నేర్పినందుకు ఆయనకు కచేరీలో వాటా ఇవ్వాలి. భజన మండళ్లు, యువజన సంఘాలు ఈ ఏటి పండుగల నుంచే ఈ పద్ధతి మొదలుపెడితే పెద్దల విద్య నిలుస్తుంది, కుర్రాళ్ల పాటా నడుస్తుంది.