'రీడ్' అను క్రియ – దాని చుట్టములు

భాషాచరిత్రలో అర్థవిపరిణామమును బోధించునపుడు తెలుగు పదములనే ఉదాహరించుట మా బోటివారికి పరిపాటి. 'కంపు' ఒకనాడు సువాసనకును చెల్లినది, 'చీర' ఒకనాడు వస్త్రమాత్రమునకు పేరు అని చెప్పి ముందుకు సాగిపోవుదుము. ఒకనాటి తరగతిలో ఒక విద్యార్థి లేచి, “ఇంగ్లీషు మాటలకు గూడ ఇట్టి చరిత్ర యుండునా సార్? 'రీడ్' అని వర్తమానములోను, 'రెడ్' అని భూతకాలములోను పలుకుచు, రెండింటిని ఒకే అక్షరములతో ఏల వ్రాయుదురు?” అని యడిగినాడు. నేను తెలుగు చదువుకొన్నవాడను. ఆనాడు సమాధానము చెప్పలేకపోతిని. గ్రంథాలయములో నిఘంటువులు తిరుగవేసిన పిమ్మట తోచిన సంగతులను ఇచ్చట విన్నవించుచున్నాను.

ఇంగ్లీషు, జర్మన్, డచ్, డేనిష్, స్వీడిష్ మున్నగునవి ఒకే కుటుంబమునకు చెందిన భాషలు. దీనికి జర్మానిక్ కుటుంబమని పేరు. ఇప్పుడు వాడుకలో లేని గోథిక్ కూడ ఇందులోనిదే. ప్రాచీనాంగ్లములోని 'రేడన్' అను ధాతువే నేటి 'రీడ్'. జర్మనులో దీని తోబుట్టువు 'రాటెన్', డచ్చిలో 'రాడెన్', ప్రాచీన నార్స్ భాషలో 'రాద'. ఆశ్చర్యమేమనగా, నేటి జర్మను వాడు 'రాటెన్' అన్నచో పుస్తకము చదువుట అని యర్థము కాదు. సలహా చెప్పుట, ఊహించి కనిపెట్టుట అని యర్థము. డచ్చి వానికిని అంతే. పుస్తక పఠనము ముఖ్యార్థముగా స్థిరపడినది ఒక్క ఇంగ్లీషులోనే.

మూలార్థము ఆలోచన, ఆలోచన చెప్పుట. జర్మనులో 'రాట్' అనగా సలహా. సలహా చెప్పువారి సభ కూడ 'రాట్'. పురపాలక సభ కూర్చుండు భవనము 'రాట్‌హౌస్'. ముందుచూపు గలవాడు సామగ్రిని కూడ సమకూర్చుకొనును గదా! అందువలన 'ఫోర్‌రాట్' అనగా నిల్వయుంచిన సరకు, 'హౌస్‌రాట్' అనగా ఇంటి సామాను. పెండ్లికి జర్మను మాటయైన 'హైరాట్' లోని రెండవ భాగమును ఇదియే, మొదటి భాగమునకు ఇల్లు, సంసారము అని యర్థము. వివాహమనగా సంసారపు ఏర్పాటు అన్నమాట. ఆల్‌ఫ్రెడ్, కాన్‌రాడ్ అను వ్యక్తినామముల చివర నిలిచినదియు ఈ 'ఆలోచన'యే.

ఇచ్చట నా పొరపాటొకటి చెప్పుకొనక తప్పదు. క్రీ.శ. 978 నుండి 1016 వరకు, నడుమ కొద్దికాలము తప్ప, ఇంగ్లండును ఏలిన ఎథెల్‌రెడ్ రాజును చరిత్ర పుస్తకములు 'అన్‌రెడీ' అని పేర్కొనును. 'యుద్ధమునకు సిద్ధపడని రాజు' అని పరీక్షలో వ్రాసి మార్కులు సంపాదించినవాడను నేను. అది తప్పు. అసలు మాట 'ఉన్‌రేడ్', అనగా దురాలోచన. 'రెడీ' అను మాటతో దీనికి చుట్టరికము లేదు. 'ఎథెల్‌రెడ్' అను పేరునకు 'ఉదాత్తమైన ఆలోచన' అని యర్థము. సదాలోచనుడను పేరు గలవానికి దురాలోచనుడను బిరుదు తగిలించిరి! డేనుల దండయాత్రలను ఆపుటకై 991లో పదివేల పౌనుల సొమ్ము చెల్లించి, వారికి మరింత ఆశ కల్పించిన ప్రభుత్వమునకు ఈ శ్లేష తగియే యున్నది. ఆ మాట పాతబడి ప్రజలు మరచిన పిమ్మట, తెలిసిన మాటను పోలియుండుటచే 'అన్‌రెడీ'గా మారినది. నావంటివారు దానినే నమ్మితిమి.

మరి ఆలోచనకును అక్షరములకును సంబంధమెట్లు కలిగినది? నడుమ ఒక మెట్టు కలదు. తెలియని దానిని ఆలోచించి విప్పుట ఆ మెట్టు. మనము పొడుపుకథను 'విప్పుదుము' గదా, ఆ పనికి ప్రాచీనాంగ్లేయులు 'రేడన్' అనిరి. స్వప్నార్థము చెప్పుటయు 'రేడన్' అయ్యెను. విప్పవలసిన దానికి 'రేడెల్స్' అని పేరు. చివరి సకారమును బహువచన ప్రత్యయమని భ్రమించి తరువాతివారు తొలగింపగా అది నేటి 'రిడిల్' అయినది. జర్మనులో ఆ సకారము చెక్కుచెదరలేదు, అందు పొడుపుకథ 'రేట్సెల్'. ఇక ఉత్తర ఐరోపాలో రాతిమీద, కొయ్యమీద చెక్కిన ప్రాచీన లిపికి 'రూన్' అని పేరు. 'రూన్' అనగా రహస్యము. అక్షరమే రహస్యమైనప్పుడు చదువుట యనగా రహస్యమును విప్పుటయే. నార్స్ భాషలో రూన్‌లను చదువుటకును 'రాద' అనియే వ్యవహరించిరి. గైడు పుస్తకములోని జవాబును బట్టీపట్టి అప్పగించుటను మాత్రము ఆ కాలపువాడు 'రేడన్' అని యుండడని నా నమ్మకము.

తక్కిన సోదర భాషలు పఠనమునకు వేరు మార్గములు త్రొక్కినవి. జర్మనులో చదువుటకు 'లేజెన్' అందురు. దాని పూర్వార్థము ఏరుట. నేటికిని ద్రాక్షపండ్ల కోత 'వైన్‌లేజె'. లాటిను 'లెగెరె' కూడ ఏరుటయు చదువుటయు అగుటచే, దాని ననుసరించియే జర్మను మాట అక్షరములకు వ్యాపించినదని పలువురు పండితుల అభిప్రాయము. నాల్గవ శతాబ్దిలో వుల్ఫిలా బైబిలును గోథిక్ భాషలోనికి అనువదించినపుడు చదువుట కుపయోగించిన మాట 'సింగ్వన్'. అనగా పాడుట! గొంతెత్తి చదువుటయే చదువు అని గోథుల తలంపు కాబోలు. ఇది మనకు క్రొత్త గాదు. ఉర్దూ 'పఢ్‌నా' సంస్కృత 'పఠ్' ధాతువునుండి వచ్చినది. గ్రంథము చేత లేకున్నను నమాజును 'పఢ్‌నా' అనియే యందుము. తెలుగు పెండ్లిండ్లలో 'చదివింపులు' అన్నచోట ఎవరేమి ఇచ్చిరో బిగ్గరగా ప్రకటించుటయే ప్రధానము.

తెలుగు ద్రావిడ భాష గనుక ఈ జర్మానిక్ క్రియతో దానికి రక్తసంబంధము లేదు. అయినను సంస్కృతము ద్వారా చుట్టరికము కలిసినది. 'రేడన్'కు సంస్కృత 'రాధ్' ధాతువును జ్ఞాతిగా భాషాశాస్త్రజ్ఞులు చూపుదురు. సాధించుట, నెరవేర్చుట దాని యర్థము. ఆరాధన, అపరాధము అనునవి మన మెరిగిన దాని సంతానము. 'రాద్ధాంతము' కూడ ఆ కోవలోనిదే. శాస్త్రగ్రంథములలో దానికి సాధింపబడిన తుది నిర్ణయము, సిద్ధాంతము అని యర్థము. మన యిండ్లలో 'నానా రాద్ధాంతము చేసినాడు' అన్నచో తెగని రభస. వాదము ముగిసిన చోట పుట్టిన మాట వాదము ముగియని చోట స్థిరపడినది. కంపు, చీరల సరసన దీనిని గూడ తరగతిలో చెప్పవలెనని నిశ్చయించుకొంటిని.

ఇక విద్యార్థి యడిగిన అసలు సంగతి మిగిలినది. ప్రాచీనాంగ్లములో భూతకాల రూపము 'రేడ్డె'. ద్విత్వ డకారమునకు ముందున్న దీర్ఘము కాలక్రమమున హ్రస్వమైనది. తరువాత పదాంతము రాలిపోయి పలుకు 'రెడ్' అయినది. వర్తమాన రూపములోని దీర్ఘము మాత్రము నిలిచి 'రీడ్' అయినది. వ్రాత ఈ భేదమును చూపలేదు. కనుక ఇంగ్లీషు వాక్యములో ఆ మాట ఎదురైనప్పుడు అది ఏ కాలమో పాఠకుడు ముందు వెనుకలు చూచి ఊహించుకొనవలసినదే.