థైరాయిడ్ ఉద్రేకము: ఇంటివారి కర్తవ్యము

కడుపునిండ తినుచున్నను మనిషి నానాటికి చిక్కిపోవుచుండిన, దృష్టి తగిలినదనియో, గాలి సోకినదనియో ఇంటివారు భావించుట మన గ్రామములలో కద్దు. రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఎల్లంతకుంట ప్రాంతమున బీడీలు చుట్టి జీవించు స్త్రీలు పెక్కుమంది కలరు. అట్టి స్త్రీ వ్రేళ్లు వణకి, బీడీకి దారము చుట్టలేకపోయినచో, నీరసమని ఊరకుండరాదు. మెడ ముందు భాగముననుండు థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయుచుండవచ్చును.

శరీరమను పొయ్యిలో మంట ఎంత ఉండవలెనో ఈ గ్రంథి రసము నిర్ణయించును. రసము మితిమీరిన మంట పెరిగి, తిన్నది ఒంటబట్టదు. గుండెదడ, చెమట, వేడిని ఓర్వలేకపోవుట, నిద్రలేమి, మాటిమాటికి విరేచనములు, చిరాకు దీని లక్షణములు. కొందరికి గొంతు వాచును. కొందరికి కనుగ్రుడ్లు ముందుకు పొడుచుకొని వచ్చును. ఐర్లండు వైద్యుడు రాబర్టు గ్రేవ్స్ 1835లో వర్ణించిన రకమే ఇందు మిక్కిలి సాధారణము. ఇది పురుషులకంటె స్త్రీలకే ఎక్కువగా వచ్చును.

రక్తపరీక్షవలన వ్యాధి తేటపడును. చికిత్సలు మూడు విధములు: కార్బిమజోల్ వంటి మాత్రలు, రేడియో అయోడిన్, శస్త్రచికిత్స. గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును రేడియో అయోడిన్ ఇయ్యరాదు. మాత్రలు సాధారణముగా ఏడాది మొదలు ఏడాదిన్నర వరకు వాడవలసియుండును. కొన్ని వారములలోనే దడ తగ్గి, ఒళ్లు కుదుటపడును. అప్పుడు వ్యాధి పోయినదని తలచి మాత్రలు మానుట పెద్ద పొరపాటు, వ్యాధి తిరుగబెట్టును.

ఇక ఇంటిలో చేయవలసిన పరిచర్య. రోగికి గాలి వచ్చు చల్లని గదిని, పలుచని నూలు బట్టలను ఏర్పాటు చేయవలెను. మరమగ్గముల రొద చెవినిబడని చోటు మేలు. పాలు, పప్పు, గ్రుడ్లు, జొన్నరొట్టె, మజ్జిగ కొంచెము కొంచెముగా పలుమార్లు పెట్టవలెను. టీ, కాఫీ తగ్గింపవలెను. ఇంటిలో నెవ్వరును బీడీ త్రాగరాదు; పొగ కంటిజబ్బును ముదురజేయును. కండ్లు పూర్తిగా మూతపడనివారికి వైద్యుడిచ్చిన చుక్కలు వేసి, తల క్రింద దిండు ఎత్తుగా నుంచవలెను. ప్రతి ఉదయము లేవకముందే నాడిని ఒక నిమిషము లెక్కించి, వారమునకొకసారి బరువు తూచి, కాగితముపై వ్రాసి వైద్యునికి చూపవలెను. రోగి కసరుకొన్నను, ఏడ్చినను అది వ్యాధి గుణమే గాని మనిషి గుణము కాదని అత్తమామలును, భర్తయు గ్రహింపవలెను.

రెండు సమయములందు క్షణమైనను ఆలస్యము చేయరాదు. మాత్రలు వాడుచుండగా జ్వరము, గొంతునొప్పి, నోటిపూత వచ్చినచో మాత్ర ఆపి, ఆనాడే ఆసుపత్రిలో రక్తకణములను పరీక్ష చేయించవలెను. అరుదుగా ఈ మందు, రోగములనెదిరించు తెల్లకణములను హరించును. తీవ్రజ్వరము, వాంతులు, సంధి మాటలు, మిక్కిలి వేగముగా నాడి కొట్టుకొనుట కనిపించినచో ప్రాణాపాయమే. వెంటనే 108 వాహనమును పిలువవలెను. గర్భము నిలిచినట్లు తోచిన వైద్యునికి వెంటనే తెలుపవలెను, మాత్ర మార్చవలసిరావచ్చును.

ఒకనాడు ఇట్టి వ్యాధులకు మనవారు దూరపు పట్టణములకు పోవలసివచ్చెడిది. సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. మొదటి అడుగుగా మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వెళ్లి, సందేహము తెలుపుడు. తాయెత్తు కట్టించి గడపిన నెలలు గుండెకు చేటు; సకాలమున మ్రింగిన మాత్రయు, ఓర్పుతో చేసిన సేవయు రోగిని మరల పనిపాటలలో నిలుపగలవని మేము మనవి చేయుచున్నాము.