కొల్లేటి నీటిమట్టం - చేపల స్థానచలనం
(ప్రత్యేక వ్యాసం)

ముసునూరు: నూజివీడు మామిడి తోటల ప్రాంతానికి, కొల్లేటి చేపలకు సంబంధమేమిటన్న ప్రశ్న కలుగవచ్చు. ముసునూరు మండలంలోని బలివే క్షేత్రాన్ని ఒరుసుకొని ప్రవహించే తమ్మిలేరు ఏడాదిలో చాలా నెలలు ఇసుక దిబ్బగానే కనిపిస్తుంది. నైరుతి ఋతుపవనాల కాలంలో ఎగువ మెట్ట ప్రాంతాల వర్షపు నీటితో పొంగి, ఏలూరు మీదుగా సాగి కొల్లేరు సరస్సులో కలుస్తుంది. బుడమేరు, రామిలేరు, డెల్టా మురుగు కాలువల నీరు కూడా అక్కడికే చేరుతుంది. కాగా, సరస్సు నుండి సముద్రానికి వెళ్లే దారి ఉప్పుటేరు ఒక్కటే. ఈ రాకపోకల హెచ్చుతగ్గులే సరస్సులో ఏ చేప ఏ నెలలో ఎక్కడ వుంటుందో నిర్ణయిస్తున్నాయి.

కొల్లేరు లోతైన సరస్సు కాదు, పళ్లెం వంటిది. సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు వరకు, అనగా ప్లస్ 5 కాంటూరు వరకు, దీని విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. ప్లస్ 3 వరకు మాత్రమే లెక్కించినచో సుమారు 135 చదరపు కిలోమీటర్లు. అంటే నీరు రెండడుగులు తగ్గితే సగానికి పైగా సరస్సు నేలగా మారుతుంది. పత్రికలలో కాంటూరు అనే మాట సాధారణంగా భూమి హద్దుగానే వస్తున్నది. వాస్తవానికి ఈ రెండు గీతల నడుమ వున్న పల్లపు అంచు చేపలకు పురిటిల్లు.

జూలై, ఆగస్టు మాసాలలో వరద నీరు ఈ అంచును ముంచెత్తినపుడు గడ్డి, కిక్కిస, తూడు నీట మునిగి కుళ్లి, పిల్ల చేపలకు అవసరమైన సూక్ష్మజీవులు విస్తారంగా పుడతాయి. పరిగలు, వాలుగలు, జెల్లలు మధ్య భాగాన్ని వదలి గుడ్లు పెట్టడానికి ఇటు తరలుతాయి. కొర్రమీను కలుపు మొక్కల నడుమ గూడు వంటి చోటు చేసుకొని గుడ్లను, పిల్లలను స్వయంగా కాపలా కాస్తుంది. నీరు నిలకడగా వుంటే పిల్లలు ఎదుగుతాయి. హఠాత్తుగా తీస్తే గుడ్లు ఒడ్డున ఎండిపోతాయి. కనుక వరద ఎంత ఎత్తు వచ్చిందన్న దానితో పాటు ఎన్ని రోజులు నిలిచిందన్నదీ ముఖ్యమే.

శీతాకాలం నుండి నీరు వెనుకకు తగ్గుతున్న కొద్దీ చేపలు మధ్యనున్న లోతు మడుగులకు, కాలువలకు చేరుతాయి. లంక గ్రామాల మత్స్యకారులు మావులు, వలలు వేసే చోటును ఇందుకనుగుణంగానే మారుస్తారు. వేసవిలో చేపలు ఒకేచోట గుమిగూడినందున వేట సులభమవుతుంది. దీనిని చూసి సరస్సులో చేపలు పెరిగాయని భావించరాదు. వేడెక్కిన నిస్సార జలంలో, ముఖ్యంగా తెల్లవారుజామున, ప్రాణవాయువు అడుగంటుతుంది. అటువంటి వేళ పరిగల వంటివి ముందుగా చనిపోతాయి. గాలిని నేరుగా పీల్చగల కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి బురద మడుగులలో సైతం బ్రతుకుతాయి. గుర్రపుడెక్క కమ్మిన చోట ఈ కొరత మరింత తీవ్రం.

ఇతర దేశాలలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. కంబోడియాలోని టోన్లేసాప్ సరస్సు వేసవిలో సుమారు 2,500 చదరపు కిలోమీటర్లు వుండి, వర్షాకాలంలో 15,000 వరకు విస్తరిస్తుంది. ఆ దేశపు మత్స్య సంపదకు మునిగిన అడవులే ఆధారం. ఆఫ్రికాలోని చిల్వా సరస్సు 1995లో పూర్తిగా ఎండిపోయింది. చుట్టుపక్కల చిత్తడి నేలలలో, వాగులలో మిగిలిన మార్పు జాతి చేపలు నీరు రాగానే సరస్సును మరల నింపాయి. అంచు భూములు, వాగులు మిగిలి వున్నందుననే అది సాధ్యపడింది.

కొల్లేటిలో ఈ దారికి అడ్డుపడినవి చేపల చెరువుల గట్లు. నీరు పెరిగినా సహజ చేపలు గట్టు దాటి అంచుకు పోలేవు. సరస్సును 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట ప్లస్ 5 పరిధిలోని చెరువులను తొలగించడం జరిగింది. అభయారణ్య పరిధిని ప్లస్ 3కి కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించగా, కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ ప్లస్ 5నే కొనసాగించాలని సిఫారసు చేసింది. భూమి కోల్పోయిన రైతుల ఆవేదన కాదనలేనిది. అయితే చెరువు లేని వేట కుటుంబాలకు ఆ రెండడుగుల నీరే జీవనాధారమన్న విషయం చర్చలలో అంతగా వినిపించలేదు.

సరస్సు మట్టం మరీ పడిపోయినపుడు ఆటుపోట్లతో ఉప్పునీరు ఉప్పుటేరు గుండా పైకి ఎగదన్నుతుంది. మంచినీటి చేపలు ఆ వైపు నుండి తొలగిపోతాయి. దీని నివారణకు ఉప్పుటేరుపై రెగ్యులేటర్ నిర్మాణం దశాబ్దాలుగా ప్రతిపాదనలలో వున్నది. ఆ ఫైలు అక్షరాలా కొల్లేటి చాంతాడే. నిర్మాణం జరిగినపుడు తలుపులు తెరిచే వేళలు కూడా మత్స్య శాఖతో సంప్రదించి నిర్ణయించవలసి వుంటుంది. ఎందుకనగా పండుగప్ప సముద్రపు ఉప్పునీటిలో పుట్టి, పిల్లగా వున్నపుడు ఉప్పుటేరు వంటి దారుల గుండానే లోపలి నీటికి వస్తుంది. వేసవిలో ఉప్పును ఆపే తలుపు వర్షాకాలంలోనూ మూసి వుంటే, ఆ పిల్లలకు లోపలికి వచ్చే మార్గం మరొకటి లేదు.