క్రొత్త శిక్షకుడు వచ్చునప్పుడు

ఒక పాఠశాలకు క్రొత్త ప్రధానోపాధ్యాయుడు వచ్చుచున్నాడన్న వార్త పుట్టగానే తల్లిదండ్రుల నడుమ చర్చ మొదలగుట మనమెల్లరము ఎరిగినదే. ఆయన ఏ ఊరివాడు, ఏ భాషవాడు, పిల్లలను దండించువాడా, లాలించువాడా, ఇంతకు మునుపు పనిచేసిన బడిలో ఎందరు ఉత్తీర్ణులైరి అను ప్రశ్నలు వరుసగా వచ్చును. క్రింది తరగతులలో పిల్లలకు అక్షరములు నిలిచినవా, బడికి చాలినంతమంది ఉపాధ్యాయులున్నారా అను ప్రశ్నలు మాత్రము అరుదుగా వినవచ్చును. ఫుట్‌బాలు జట్టునకు క్రొత్త ప్రధాన శిక్షకుని నియమించునప్పుడు అభిమానుల నడుమ జరుగు వాదము సరిగా ఇట్టిదే. ఈ వాదము నేడు మన ఇండ్లలోనికి కూడ వచ్చినది. అన్నము ముందు కూర్చున్న పిల్లవాడు "హెడ్ కోచ్‌ను మార్చవలసినదే" అని తీర్పు చెప్పుచున్నాడు. ఆ శిక్షకుని పని యేమి, ఆయన వలన నగునదేమి, కానిదేమి అను సంగతి తెలిసికొన్నచో తల్లిదండ్రులకు ఆ పిల్లవానితో మాటలాడుటకు వీలగును. అంతకంటె ముఖ్యముగా, ఆ విషయములో తమకు గల పాలు ఎంతయో కూడ తెలియును.

ఇటీవల మన దేశపు జట్టు విషయమున జరిగినదానినే ఉదాహరణముగా గైకొందము. క్రొయేషియా దేశీయుడగు ఇగోర్ స్టిమాక్ 2019 నుండి భారత జట్టునకు శిక్షకుడుగా నుండెను. ప్రపంచకప్పు అర్హత పోటీలలో జట్టు మూడవ దశకు చేరలేకపోగా, 2024 జూన్‌లో ఆయనను తొలగించిరి. మరుసటి నెలలో స్పెయిన్ దేశీయుడు మనోలో మార్కెజ్ నియమితుడయ్యెను. 2021-22లో హైదరాబాదు క్లబ్బును ఇండియన్ సూపర్ లీగు విజేతగా నిలిపినవాడు గనుక తెలుగు అభిమానులకు ఆయన పేరు పరిచితమే. కాని ఆయన క్రింద భారత జట్టు 8 ఆటలాడి ఒక్కటి మాత్రమే గెలిచెను. 2025 జూన్‌లో హాంకాంగు జట్టు చేతిలో 1-0తో ఓడిన పిమ్మట, జూలైలో ఆయన పదవి నుండి తప్పుకొనెను. అదే నెలలో ప్రపంచ జట్ల పట్టికలో భారతదేశము 133వ స్థానమునకు దిగెను. 1996లో ఇదే జట్టు 94వ స్థానము వరకు ఎక్కియుండెను.

అప్పుడు క్రొత్త శిక్షకుని పదవికై తుది పరిశీలనకు మువ్వురి పేర్లు వచ్చినవి. ఒకరు మన దేశమునకు పూర్వము ఆడిన ఖాలిద్ జమీల్. రెండవవారు అంతకు ముందు రెండు మారులు ఈ పదవిని నిర్వహించిన ఆంగ్లేయుడు స్టీఫెన్ కాన్‌స్టంటైన్. మూడవవారు స్లొవేకియా జట్టునకు శిక్షకుడుగా పనిచేసిన స్టెఫాన్ టార్కోవిచ్. అభిమానులు వెంటనే పక్షములుగా చీలిరి.

విదేశీయుడే కావలెనన్నవారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. బాబ్ హౌటన్ అను ఆంగ్లేయుని కాలముననే భారత జట్టు 27 ఏండ్ల తరువాత, 2011లో, ఆసియా కప్పు పోటీలలో ఆడెను. 2019లో కాన్‌స్టంటైన్, ఆపైని పోటీలకు స్టిమాక్ జట్టును చేర్చిరి. విదేశీయునికి ఆటలోని క్రొత్త పద్ధతులు తెలిసియుండును. ఇక్కడి క్లబ్బుల, రాష్ట్రముల పట్టుదలలతో ఆయనకు సంబంధముండదు అని వీరు చెప్పిరి.

స్వదేశీయుడే కావలెనన్నవారి వాదమునకును బలము కలదు. మన ఆటగాండ్ర భాష, స్వభావము, వారు పెరిగిన మైదానములు ఎరిగినవాడే వారిని నడపగలడని వీరి తలంపు. ఖాలిద్ జమీల్ 2016-17లో మిజోరాము రాష్ట్రమునకు చెందిన ఐజాల్ క్లబ్బును, స్వల్పమైన ధనబలముతోనే, ఐ-లీగు విజేతగా చేసిన సంగతిని వీరు ఎత్తిచూపిరి. 1930 నుండి 2022 వరకు జరిగిన 22 ప్రపంచకప్పు పోటీలలో గెలిచిన ప్రతి జట్టునకును ఆ దేశస్థుడే శిక్షకుడై యుండుట కూడ వీరికి ఊతయైనది. అయినను ఇంగ్లండు 2024లో జర్మనీ దేశీయుడగు థామస్ టుఖెల్‌ను, బ్రెజిలు 2025లో ఇటలీ దేశీయుడగు కార్లో ఆంచెలొటీని నియమించుకొన్నవి. అక్కడను ఇదే వాదము చెలరేగినది.

ఈ 22 విజయముల లెక్కను కొంచెము నిదానించి చూడవలెను. బ్రెజిలు, జర్మనీ, ఇటలీ, అర్జెంటీనా వంటి దేశములలో వీధివీధికిని ఆట కలదు. పిల్లలకు నేర్పువారు వేలకొలది కలరు. అట్టి దేశమున గొప్ప శిక్షకుడు సొంత గడ్డమీదనే దొరకుట సహజము. స్వదేశీయుడైనందున గెలుపు వచ్చినదనుటకంటె, గెలుపునకును శిక్షకునికిని ఒకే మూలము కలదనుట సత్యమునకు దగ్గర. ఆ మూలము బాలుర మైదానము.

2025 ఆగస్టు 1వ తేదీన ఖాలిద్ జమీల్ నియమితుడయ్యెను. 2012లో సావియో మెదీరా దిగిపోయిన తరువాత ఆ పదవిలోనికి వచ్చిన భారతీయుడు ఈయనయే. సెప్టెంబరు 8వ తేదీన తజికిస్థానులో ఆయన జట్టు ఒమాన్‌ను పెనాల్టీలలో ఓడించి మధ్య ఆసియా దేశముల కప్పులో మూడవ స్థానము పొందగా, అభిమానులు ఆకాశమున కెత్తిరి. అక్టోబరు 14వ తేదీన గోవాలోని మడ్గాఁవ్‌లో సింగపూరు చేతిలో 2-1తో ఓడి, 2027 ఆసియా కప్పు ఆశ పోగా, పొగడిన నోళ్ళలో పెక్కు తెగడినవి. ఈ రెండు ఆటల నడుమ గడచినవి 36 దినములు. అంతలో శిక్షకుని తెలివి తరిగిపోలేదు. అంతకు ముందు ఆకస్మికముగా పెరిగియును ఉండలేదు.

అసలు జాతీయ జట్టు శిక్షకుని పని యేమి? బంతిని ఎట్లు తన్నవలెనో ఆయన నేర్పడు. ఆటగాండ్రు ఏడాదిలో చాల భాగము తమ తమ క్లబ్బులలో నుందురు. అంతర్జాతీయ పోటీలకై విడిచిన కొలది దినములలో మాత్రమే వారు ఆయన చేతికి వత్తురు. ఆ వ్యవధిలో ఆయన తగినవారిని ఎన్నుకొనును, ఎవరెక్కడ నిలువవలెనో నిర్ణయించును, ఎదుటి జట్టు బలహీనతలను చూపును, ఆట నడుమ ఎవరిని మార్చవలెనో చెప్పును. పెండ్లికి పిలిచిన వంటవాని పని వంటిది ఈ పని. పొయ్యి దగ్గర ఆయన నేర్పునకు విలువ కలదు. కాని బియ్యము, పప్పు, కూరగాయలు ఆ ఇంటివారు తెచ్చియుంచినవే. పుచ్చిన వంకాయలు తెచ్చి వంటవానిని మార్చినందున విందు రుచి కానేరదు.

ఇందుకు ఒక్క నిదర్శనము చాలును. మన జట్టునకు అందరికంటె ఎక్కువ గోల్సు సాధించిన సునీల్ ఛెత్రి 2024 జూన్ 6వ తేదీన కలకత్తాలో ఆడి అంతర్జాతీయ ఆటనుండి విరమించెను. 2025 మార్చిలో మార్కెజ్ ఆయనను మరల రప్పింపవలసి వచ్చెను. అప్పటికి ఛెత్రి వయస్సు 40 ఏండ్లు. మాల్దీవులపై ఆయన గోలు సాధించెను గూడ. నలువది ఏండ్ల వానిని రప్పింతురా యని కొందరు శిక్షకుని నిందించిరి. ఆయన స్థానమును నింపు యువకుడు ఎందులకు తయారు కాలేదని అడిగినవారు తక్కువ. లీగు క్లబ్బులు గోల్సు చేయు స్థానమున తరచుగా విదేశీయులనే నిలుపుచు వచ్చినవి. 2021-22 నుండి ఒకేసారి మైదానమున నుండదగు విదేశీయుల సంఖ్యను నలుగురికి తగ్గించినను ఆ స్థానము మన యువకులకు సులభముగా దొరకలేదు. ఈ లోటును పది దినముల శిక్షణ తీర్పజాలదు.

మన ఫుట్‌బాలు చరిత్రలోని మేటి శిక్షకుని జీవితము ఈ సత్యమునే బోధించుచున్నది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1909లో హైదరాబాదున జన్మించెను. వృత్తిచే ఆయన బడిపంతులు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, 1950లో నగర పోలీసు జట్టు శిక్షణను చేపట్టెను. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 మారులు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచెను. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణము పొందెను; 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున నాలుగవ స్థానమున నిలిచెను. జకార్తాలో తలకు గాయమైన రక్షకుడు జర్నైల్ సింగును ముందు వరుసలో నిలిపి గోలు చేయించుట ఆయన సమయస్ఫూర్తికి తార్కాణము. శిక్షకుని తెలివికి ఆటను మార్చు శక్తి కలదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

కాని ఆ తెలివి వెనుక ఎన్నో ఏండ్ల బడిపని కలదు. బాలురు బంతిని తమయొద్దనే ఉంచుకొనక వెంటనే తోడివానికి అందింపవలెనను నియమముతోను, వాటములేని కాలితోనే ఆడవలెనను నియమముతోను ఆయన పోటీలు నడపెను. సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం వంటి యువకులను గుర్తించి పైకి తెచ్చెను. దేశపు జట్టును ఎన్నుకొను వేళకు, అందులో పలువురు ఆయన మైదానముననే పెరిగినవారై యుండిరి. వంటవాడే తోటమాలియు అయిన అరుదైన సందర్భమది. 1963లో ఆయన మరణించెను. తరువాతి తరములు వంటవానిని వెదకినవేగాని, తోటను అంతగా పట్టించుకొనలేదు.

"మనవాడా, పరాయివాడా" అను ప్రశ్న తరతరములుగా అన్యభాషా రాష్ట్రములలో నివసించుచున్న మనకు క్రొత్తది కాదు. పుట్టుకను బట్టి మనిషి నేర్పును కొలుచుట ఎంత తప్పో మనకు అనుభవముచే తెలియును. స్వదేశీయుడని అందరును మెచ్చిన జమీల్ పుట్టినది కువైటులో. ఎక్కడ పుట్టెనను ప్రశ్నకంటె ఏమి చేయగలడు, ఎంతకాలము చేయనిత్తురు, ఎవరిని ఆయన చేతికిత్తురు అను ప్రశ్నలు మేలైనవి. మన పిల్లలు వాదించునప్పుడు ఈ మూడింటిని అడుగ నేర్పుదము.

తల్లిదండ్రులకు గల పాలు ఇచ్చటనే కలదు. తొమ్మిదవ తరగతికి రాగానే చదువు పేరిట పిల్లవానిని మైదానము మాన్పించుట మన ఇండ్ల పరిపాటి. డ్రిల్లు మాస్టారి పీరియడును లెక్కల పాఠమునకు ఇచ్చివేసినచో మనమే సంతోషింతుము. బాలికలనైతే అంతకు ముందే ఆపుదుము. ఇట్లు చేయుచునే దేశపు జట్టు ఓడిన రాత్రి శిక్షకుని దూషించుట న్యాయము కాదు. బడి మైదానమునకు కంచె కలదా, రాళ్ళు తీసిరా, వారమునకు ఎన్ని గంటలు ఆడనిచ్చుచున్నారు అని తల్లిదండ్రుల సమావేశమున అడుగుట మన వంతు. పిల్లలందరును దేశపు జట్టులో ఆడరు. ఆడవలసిన పనియు లేదు. ఓటమికి కారణము ఒక్కనిపై మోపక, దాని మూలమును వెదకు బుద్ధి వారికి అలవడిన చాలును. ఆ బుద్ధి ఆటకును, చదువునకును, జీవితమునకును గూడ ఉపకరించును.