త్యాగరాయనగరము: చెరువున వెలసిన పేట

పట్టణములందు కొన్ని పేటలు తమంతట తామే పెరుగును. మఱికొన్నిటిని పురపాలకులు ముందుగా కాగితముపై గీచి, వీథులు తీర్చి, పిమ్మట జనులను పిలుతురు. చెన్నపురియందు ఈ రెండవ తెగకు చెందిన పేటలలో మిక్కిలి పేరు గన్నది త్యాగరాయనగరము. నేడు దానిని ‘టీ. నగర్’ అనువారే గాని పూర్తిపేరు పలుకువారరుదు. పలికినను త్యాగరాజస్వామి పేరని భ్రమించుటయు కలదు. ఒక్క యక్షరముగా కుంచించుకొనిపోయిన ఆ పేరులో ఆంధ్రుల చరిత్రయు, ఆ పేట నిలిచిన నేలలో ఒక చెరువు చరిత్రయు దాగియున్నవి. ఈ రెంటిని మఱచుటచే కలిగిన నష్టము స్వల్పము కాదు.

నూఱేండ్లకు పూర్వము ఇచ్చట నింతటి జనావాసము లేదు. నుంగంబాక మొదలుకొని మాంబళము మీదుగా దక్షిణమునకు సాగిన పెద్దచెరువు పట్టణమునకు పడమటి యెల్లగా నుండెను. పొడవునుబట్టి దొరలు దానిని ‘లాంగ్ టాంక్’ అనిరి. జార్జిటౌను, తిరువల్లిక్కేణి, మైలాపూరు జనులతో క్రిక్కిఱిసినప్పుడు పాలకుల దృష్టి పడమరకు మరలెను. 1920లో మదరాసు నగరనిర్మాణ శాసనము వెలువడెను. 1923–25 సంవత్సరముల నడుమ మాంబళమువైపు చెరువునీటిని తొలగించి, వీథులు వేసి, ఇండ్లస్థలములను ఏర్పఱచిరి.

అప్పుడు రాజధానిని ఏలినది జస్టిసుకక్షి. 1921 నుండి 1926 వఱకు ముఖ్యమంత్రిగా నుండిన పానగల్లు రాజా పానగంటి రామరాయనింగారు శ్రీకాళహస్తిలో జన్మించిన తెలుగు జమీందారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో వెలసినది వీరి పరిపాలనమునందే. పేటకు పేరైన సర్ పిట్టి త్యాగరాయచెట్టిగారు తెలుగు దేవాంగకుటుంబమున 1852లో జన్మించిరి. 1920లో ముఖ్యమంత్రిపదవి తమకు రాగా స్వీకరింపక, నగరసభాధ్యక్షతనే వహించిరి. ఆ యేటనే థౌజండులైట్సు చెంతనున్న నగరసభ పాఠశాలలో పేదబాలురకు మధ్యాహ్నభోజనము పెట్టించిన కీర్తి వారిది. 1925లో వారు దివంగతులైరి. ఆ కక్షి రాజకీయములతో ఏకీభవింపనివారు నాడును గలరు, నేడును గలరు. కాని ఆకలిగొన్న బాలునికి అన్నము పెట్టిన పనిని ఎవ్వరును కాదనలేరు.

పేట నడుమ పానగల్లు ఉద్యానము. ఉస్మాన్ వీథి, వెంకటనారాయణ వీథి మున్నగు రాజమార్గములు అచ్చటినుండి నలుదెసలకు సాగును. నాయరుగారి పేర వీథియు, నటేశముదలియారుగారి పేర ఉద్యానమును కలవు. తెలుగువారు, తమిళులు, మలయాళీలు, హిందువులు, మహమ్మదీయులు ఒక్క పటమున చేరిరి. ఆ కక్షి చరిత్ర చదువగోరువారికి ఈ వీథులపేళ్లే పీఠిక.

1931లో సముద్రతీరమునుండి తాంబరమునకు విద్యుద్రైళ్లు నడచుటతో మాంబళము పట్టణమునకు మఱింత చేరువయ్యెను. 1936లో దక్షిణభారత హిందీ ప్రచారసభ ఇచ్చటికి వచ్చెను. దానికి జీవము పోసినవారిలో ముఖ్యులు తెలుగువారైన మోటూరి సత్యనారాయణగారు. 1946 జనవరిలో సభవారి రజతోత్సవమునకు గాంధీమహాత్ముడు విచ్చేసి ఇచ్చటనే బసచేసెను. చిత్తూరు నాగయ్యగారు త్యాగబ్రహ్మ గానసభను నెలకొల్పి, వాణీమహలును సంగీతమునకు నెలవు చేసిరి. కోడంబాకము, వడపళని చిత్రశాలలు చేరువనుండుటచే తెలుగు నటులును, గాయకులును, రచయితలును ఈ వీథులలో ఇండ్లు కట్టుకొనిరి. 1953 అక్టోబరు 1వ తేదిన ఆంధ్రరాష్ట్ర మేర్పడి చెన్నపురి మనకు కాకపోయినను, ఎన్నో తెలుగు కుటుంబములు ఇచ్చటనే నిలిచిపోయెను.

కాని కాపురములకై కట్టిన పేట క్రమముగా సంతయైపోయెను. 1928లోనే పట్టువస్త్రముల అంగడి వెలసెను. పిమ్మట మాంబళము రైలుస్టేషను చెంత రంగనాథన్ వీథి మొదలుకొని ఒక్కొక్క వీథియు వర్తకుల వశమయ్యెను. తోటలుండినచోట అంతస్తులు లేచెను. 2019లో పాండీబజారున పాదచారులకై విశాలమైన కాలిబాటలు తీర్చిరి. అది మెచ్చదగిన పని. అయినను, నడచువానికి చోటు చూపినవారు ప్రవహించు నీటికి చోటు చూపవలదా?

2015లోను, 2021 నవంబరులోను కుంభవృష్టి కురిసినప్పుడు నీరు ఈ వీథులలో నిలిచెను. దానిని ఉపద్రవమని వాపోయితిమి. నీటి పక్షమున ఆలోచించినచో అది తన పాతయింటికి మరలివచ్చినది. చెరువును పూడ్చినంతమాత్రమున పల్లము మెరక కాదు. నేలపై తారును సిమెంటును పఱచినకొలది ఇంకుటకు తావు తగ్గును. మిగిలిన దారి అడయారునకు పోవు మాంబళపు కాలువ. అది పూడినను, ఇఱుకైనను కష్టము ఇండ్లవారిదే.

త్యాగరాయనగరమునుగూర్చి మనము కోరదగినవి రెండు. పేరును పూర్తిగా పలికి, ఆ పేరుగలవారెవ్వరో మన పిల్లలకు చెప్పుట యొకటి. అది ఖర్చులేని పని. కాలువను వెడల్పుచేసి, ప్రతి యుద్యానమునను వాననీటిని ఇంకించుట రెండవది. దానికి ధనమును, పట్టుదలయు కావలెను. పట్టణముపై హక్కునుగూర్చిన వాదము 1953తో ముగిసినది. ఉన్న ఊరిని కాపాడుకొను బాధ్యతకు మాత్రము రాష్ట్రముల సరిహద్దులతో పనిలేదు. అది అచ్చట కాపురమున్న తెలుగువానిదియు, తమిళునిదియు కూడ.